ఐదు మిల్లీమీటర్లు చూసే ఉద్యోగం

బోధన్‌లో ఒకప్పుడు ఇంటర్ అయిన పిల్లాడి చూపు శక్కర్‌నగర్ వైపే. 2015 డిసెంబరులో నిజాం షుగర్స్ మూతపడ్డాక ఆ దారి లేదు. ఇప్పుడు బైపీసీ చదివినవాళ్లలో కొందరు డీఎంఎల్‌టీ వైపు చూస్తున్నారు. రెండేళ్ల కోర్సు. ఏముంటుంది అందులో అంటే, రక్తం తీయడం, షుగర్ టెస్టు చేయడం అంటారు. అంతేనా?

హిస్టోపాథాలజీ ల్యాబ్ సంగతి చూడండి. గుట్కా, ఖైనీ అలవాటున్న మనిషికి నోటి క్యాన్సర్ వచ్చింది, ఆపరేషన్ చేశారు. సర్జన్ గడ్డ ఒక్కటే తీయరు, చుట్టూ కొంత మంచి కణజాలమూ కలిపి తీస్తారు. ఆ అంచే మార్జిన్. మైక్రోస్కోప్‌లో గడ్డకూ అంచుకూ మధ్య 5 మి.మీ. లేదా ఎక్కువ ఉంటే 'క్లియర్', తగ్గితే 'క్లోజ్', అంచు మీదే క్యాన్సర్ కణాలుంటే 'పాజిటివ్'. మరి ఇంకాస్త ఎక్కువే కోసేయొచ్చుగా? నాలుకలో ఎక్కువ కోస్తే మాట పోతుంది, మింగడం కష్టమవుతుంది.

పాజిటివ్ వస్తే జబ్బు తిరగబెట్టే ప్రమాదం పెరుగుతుంది. మళ్లీ ఆపరేషన్, లేదంటే రేడియేషన్‌తోపాటు కీమో. రేడియేషన్ అంటే వారానికి ఐదు రోజుల చొప్పున దాదాపు ఆరు వారాలు. చెరకు కోతకెళ్లే కూలీ అన్ని రోజులు హైదరాబాద్‌లో ఉంటే ఇల్లు గడిచేదెట్లా? అందుకే ఆ రిపోర్టు సరిగ్గా ఉండాలి.

ఇక్కడే టెక్నీషియన్ చేతిపని. ఏది ముందు, ఏది లోపలి వైపు అని సర్జన్ దారం ముడులు వేసి పంపుతారు. కోసిన ముక్క కుంచించుకుపోతుంది. ఫార్మలిన్‌లో ఇంకా తగ్గుతుంది. సర్జన్ సెంటీమీటరు వదిలినా స్లైడ్ మీద అంత కనిపించదు. పాథాలజిస్టు అంచులకు సిరా పూసి ముక్కలు చేశాక, వాటిని మైనం దిమ్మలో పెట్టి మైక్రోటోమ్‌తో 3 నుంచి 5 మైక్రాన్ల పొరలుగా కోసేది టెక్నీషియనే. పొర ముడతపడినా, లేబుల్ తారుమారైనా ఆ మిల్లీమీటర్ల లెక్కకు అర్థం ఉండదు. ఫ్రోజెన్ సెక్షన్ అయితే మరీ తొందర: పేషెంట్ ఆపరేషన్ బల్ల మీద ఉండగానే జవాబు చెప్పాలి.

డిప్లొమా పారామెడికల్ బోర్డు ద్వారా, బీఎస్సీ ఎంఎల్‌టీ కాళోజీ హెల్త్ వర్సిటీ పరిధిలో ఉంటాయి. 2024 సెప్టెంబరులో రాష్ట్ర వైద్య నియామక బోర్డు 1,284 ల్యాబ్ టెక్నీషియన్ గ్రేడ్-2 పోస్టులకు నోటిఫికేషన్ ఇచ్చింది. నిజామాబాద్‌లో 2013 నుంచి ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఉంది. క్యాన్సర్‌కే ప్రత్యేకమైన ప్రభుత్వ ఆస్పత్రి హైదరాబాద్‌లోని ఎంఎన్‌జే.

చేరేముందు ఒక పని చేయండి. ఫీజు కట్టకముందే మైక్రోటోమ్ చూపించమనండి. దాని మీద కవర్ కప్పి ఉంటే, చివరిసారి ఎప్పుడు తీశారో అడగండి.