కృపాబాయి చదువు

కాలేజీలో చదువుకొను కన్నెలను గూర్చి మాటాడునపుడు మనము పరీక్షలను, పట్టములను, పిదప దొరకు నుద్యోగమును మాత్రమే లెక్కించుట వాడుక యైనది. ఈ చదువు ఎవరి కొఱకు అను ప్రశ్నను బదునాఱేండ్ల ప్రాయముననే వేసికొని, తన క్రైస్తవ విశ్వాసము ననుసరించి జవాబు వెదకిన యొక బాలికను గూర్చి మేమిప్పుడు వ్రాయబూనితిమి. ఆమె కృపాబాయి సత్యనాథన్.

ఈమె 1862 వ సంవత్సరమున అహమదునగరమున జన్మించెను. తల్లిదండ్రులు మహారాష్ట్ర బ్రాహ్మణులై యుండి క్రైస్తవమును స్వీకరించినవారు. తండ్రి ఈమె చిన్ననాటనే గతించెను. అన్నయగు భాస్కరుడు చెల్లెలికి గ్రంథములపై నాసక్తి కలిగించి, బుద్ధికి మెఱుగుపెట్టెను; అతడును యౌవనముననే మరణించెను. ఆ శోకముతో బొంబాయి మిషను పాఠశాల చేరిన కృపాబాయికి అచట నొక అమెరికా వైద్యురాలు గురువైనది. పరపురుషునకు నాడి చూపుటకైన నోచుకొనక ఘోషాలో రోగముల ననుభవించు స్త్రీలకు దాను వైద్యురాలు కావలెనని కృపాబాయి నిశ్చయించుకొనెను. దేవుడు తనకిచ్చిన పని యిదియే యని యామె నమ్మెను.

ఇంగ్లాండున జదువుటకు విద్యార్థివేతనము దొరకెను గాని, ఆమె దేహము దుర్బలమగుటచే ఆ ప్రయాణము మానవలసివచ్చెను. మద్రాసు వైద్యకళాశాల 1875 లోనే స్త్రీలను జేర్చుకొని యుండుటచే 1878 లో అచట బ్రవేశించి, పాదిరి సత్యనాథన్ గారి యింట నివసించెను. ఆ గృహిణి అన్నాసత్యనాథన్ గారు బాలికల పాఠశాలలను నడపుచు, ఇల్లిల్లు తిరిగి స్త్రీలకు విద్య గఱపుచుండెడివారు. దూరదేశమున జదువు పిల్ల యే కళాశాలలో జేరినదని యడుగువారు పెక్కుమంది. ఏ యింట నున్నదని యడుగువారు తక్కువ. మా మట్టునకు రెండవ ప్రశ్నయే ముఖ్యమని తోచుచున్నది.

తొలి సంవత్సరమున పెక్కు విషయములందు ప్రథమురాలయ్యెను. కాని రాత్రింబవళ్లు చదివిన శ్రమచే ఆరోగ్యము చెడి, ఏడాదికే చదువు మానవలసివచ్చెను. వైద్యురాలగు నాశ యంతటితో దీఱెను. విశ్వామిత్రుని తపస్సునకు ఎన్ని విఘ్నములు గలిగెనో రామాయణము చదివిన మనకు దెలియును. అతడు దిక్కు మార్చి మరల మొదలిడెను గాని తపస్సు విడువలేదు. కృపాబాయియు నట్లే చేసెను.

1883 లో ఆ యింటి కుమారుడు సామ్యూలును బెండ్లాడి ఉదకమండలమునకు బోయి, అచట ముసల్మాను బాలికలకొక పాఠశాల నెలకొల్పెను. మందు ఈయజాలని చేయి అక్షరము దిద్దించెను. పిమ్మట భర్తయుద్యోగమును బట్టి మన రాజమహేంద్రవరమునను గొంతకాలముండెను. గోదావరి తీరమున నామె తఱచు జబ్బుతోనే గడిపినదని చదివినప్పుడు మాకు మనసు చివుక్కుమన్నది.

1886 లో మద్రాసు చేరి, ‘సగుణ’ యను స్వీయకథవంటి నవలను ఆంగ్లమున వ్రాయగా, అది 1887-88 లో క్రైస్తవ కళాశాల పత్రికలో వెలువడెను. అందు మిషనరీ దొరసానులు దేశీయబాలికలను జులకనగా జూచుటను దాచక వ్రాసినది. తన మతమును బ్రేమించుచునే ఆ మతస్థుల యహంకారమును గద్దించుట సులభము కాదు. ఆమె గ్రంథమున మాకు మిక్కిలి నచ్చినది ఆ ధైర్యమే.

ఒక్కగానొక్క బిడ్డ యేడాది నిండకమునుపే పోయెను. రోగశయ్యపై నుండి, అత్తవారింట నలిగిన యొక హిందూ బాలిక కథను ‘కమల’ యను పేర వ్రాసెను. 1894 లో ముప్పదిరెండవ యేట మరణించెను. అనంతరము ఆమె యభిమానులు, ఆమె చదువు ముగింపలేకపోయిన ఆ మద్రాసు వైద్యకళాశాలలోనే, స్త్రీలకై ఆమె పేర నొక విద్యార్థివేతనము నేర్పఱచిరి.