తాడు చూశాకే సంతకం!

బీటెక్ మెకానికల్ అయిపోయాక క్యాంపస్‌కి వచ్చిన కంపెనీలన్నీ కోడింగే అడిగాయి. హన్మకొండ రూమ్‌లో ఆరు నెలలు ఖాళీగా గడిపి, చివరికి వరంగల్ శివార్లలో ఒక షెడ్డు కడుతున్న సైట్‌లో ట్రైనీగా చేరాను. మూడో రోజు పొద్దున్నే చేతికో కాగితం ఇచ్చారు. క్రేన్ డైలీ చెక్‌లిస్ట్. ఇరవై రెండు గళ్లు. ఆఫీసు కంటెయినర్‌లో కూర్చుని నిమిషంలో అన్నిటికీ టిక్కులు కొట్టి సంతకం పెట్టేశా. నాకు ముందున్నాయన కూడా అంతేనట.

కాగితం పట్టుకెళ్లి ఆపరేటర్ కాకకు ఇచ్చాను. యాభై దాటిన మనిషి.

"తాడు సూసినవా సారూ?"

"నిన్న బాగానే ఉంది కదా కాకా."

"నిన్న ముచ్చట గాదు. సంతకం ఇయ్యాల్టిది గదా!"

బూమ్ దించి, ఇంజిన్ ఆపి, తాళంచెవి జేబులో వేసుకున్నాడు. నాకు గ్లౌజులిచ్చి, పాత గుడ్డతో తాడును పట్టుకుని మెల్లగా తుడుచుకుంటూ పొమ్మన్నాడు. మూడు మీటర్లు వెళ్లానో లేదో గుడ్డ చిక్కుకుంది. తెగిన తీగలు. జానెడు అవతల ఇంకొన్ని. ఆ రోజు ఎత్తాల్సింది స్టీల్ స్తంభం. దాన్ని నిలబెట్టి బోల్టులు బిగించడానికి కింద నలుగురుంటారు. క్రేన్ ఆగింది, కాంట్రాక్టర్ అరిచాడు, సాయంత్రానికి కొత్త తాడు వచ్చింది. నేను మాత్రం ఆ రాత్రి నిద్రపోలేదు.

క్రేన్ ప్రమాదం అంటే మనవాళ్లకు ముందు గుర్తొచ్చేది విశాఖే. 2020 ఆగస్టు 1న హిందుస్థాన్ షిప్‌యార్డులో 70 టన్నుల క్రేన్ కూలి 11 మంది చనిపోయారు. అది రోడ్ల మీద తిరిగే మొబైల్ క్రేన్ కాదు. పైగా అప్పుడది రోజువారీ పనిలో కూడా లేదు. పనికొస్తుందో లేదో పరీక్షిస్తున్నారు. తనిఖీ సమయమే అన్నిటికన్నా ప్రమాదకరం కావచ్చు. అందుకే లోడ్ టెస్ట్ చేసేటప్పుడు అవసరం లేని ఒక్క మనిషి కూడా క్రేన్ మీదా, అది పడే పరిధిలోనూ ఉండకూడదు.

ఇక అసలు చూడాల్సినవి. తాడు సంగతి ఐఎస్ఓ 4309 ప్రమాణంలో ఉంది. తాడు వ్యాసానికి 6 రెట్ల పొడవులో, 30 రెట్ల పొడవులో తెగిన తీగలు లెక్కపెట్టాలి. 16 మిల్లీమీటర్ల తాడైతే 96, 480 మిల్లీమీటర్లన్నమాట. ఎన్ని తెగితే తీసేయాలో తాడు రకాన్ని బట్టి పట్టికలు ఉంటాయి. తాడు పంజరంలా ఉబ్బినా, మెలిపడి వంగిపోయినా లెక్కలతో పనిలేదు, తీసేయడమే. వ్యాసం తగ్గిందేమో వెర్నియర్‌తో కొలవాలి. ఫస్టియర్ ల్యాబ్‌లో 'ఇదెందుకురా' అనుకున్న వెర్నియరే!

హుక్ నోరు తెరుచుకుంటోందంటే అది ఎప్పుడో మోయకూడని బరువు మోసిందని అర్థం. అమెరికా ప్రమాణం ఏఎస్ఎంఈ బీ30.10 ప్రకారం నోరు 5 శాతం తెరుచుకున్నా, లోహం 10 శాతం అరిగినా ఆ హుక్ పక్కన పెట్టాల్సిందే. వెల్డింగ్ పెట్టి సరిచేయడం కుదరదు.

నాకు అన్నిటికన్నా భయం నేలంటేనే. మన దగ్గర చెలక పక్కనే రేగడి ఉంటుంది. ఎండాకాలంలో రాయిలా ఉన్న నల్లరేగడి ఒక్క వానకు ముద్దయిపోతుంది. ఒక ఔట్‌రిగ్గర్ కాలు మీద 20 టన్నులు పడుతోందనుకోండి. దాని కింద 40 సెంటీమీటర్ల చదరపు ప్లేటే ఉంటే చదరపు మీటరుకు 125 టన్నుల ఒత్తిడి. అదే 1.2 మీటర్ల గట్టి మ్యాట్ వేస్తే దాదాపు 14 టన్నులే. మెషీన్ అదే, బరువూ అదే, తేడా అంతా ఆ మ్యాటే. అయినా సైట్‌లో ముందు మాయమయ్యేది కూడా అదే.

లోడ్ మూమెంట్ ఇండికేటర్ సంగతీ అంతే. పరిమితి దాటగానే అరుస్తుంది. 'ఊకె మొత్తుకుంటది' అని దాన్ని బైపాస్‌లో పెట్టేవాళ్లను చూశా. అది అరవడం లోపం కాదు, దాని పనే అది. మన వీధుల్లో తిరిగే హైడ్రాల (ఇళ్లు కూల్చే హైడ్రా కాదు లెండి) విషయంలోనూ ఇదే పొరపాటు. '12 టన్నుల బండి' అంటే ఎక్కడైనా 12 టన్నులు ఎత్తుతుందని కాదు. బూమ్ చాచే కొద్దీ సామర్థ్యం తగ్గిపోతుంది. 1.5 మీటర్ల దూరంలో 12 టన్నులు ఎత్తే క్రేన్, మూమెంట్ లెక్కన 6 మీటర్ల దూరంలో 3 టన్నులే ఎత్తాలి. నిజం లోడ్ చార్టులో అంతకన్నా తక్కువే రావచ్చు.

పని లేనప్పుడూ క్రేన్‌ను పట్టించుకోవాలి. 2015 సెప్టెంబరులో మక్కాలో గాలివానకు కూలిన క్రాలర్ క్రేన్ ఆ సమయంలో ఏ బరువూ ఎత్తడం లేదు. బూమ్ దించకుండా నిలబెట్టి ఉంచారు. వంద మందికి పైగా చనిపోయారు.

సరే, ఇందులో ఉద్యోగం ఎక్కడ? లిఫ్టింగ్ పరికరాలను 'కాంపిటెంట్ పర్సన్' ఏడాదికోసారి క్షుణ్నంగా పరీక్షించాలన్నది 1948 ఫ్యాక్టరీల చట్టం నుంచీ ఉన్న నియమం. (2025 నవంబరు 21 నుంచి లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి కాబట్టి రూల్స్ తాజావి చదవండి.) ఆ గుర్తింపుకు ఏళ్ల అనుభవం కావాలి. అక్కడికి చేరే మెట్లే మన ఉద్యోగాలు: మెయింటెనెన్స్ ఇంజినీర్, ఎన్‌డీటీ టెక్నీషియన్, సేఫ్టీ ఆఫీసర్. పగుళ్లు పట్టే మాగ్నెటిక్ పార్టికల్, డై పెనెట్రెంట్ పరీక్షల్లో లెవెల్-2 సర్టిఫికెట్ ఉంటే గల్ఫ్‌లోనూ పనికొస్తుంది. సేఫ్టీ వైపు వెళ్లాలంటే చెన్నై రీజినల్ లేబర్ ఇన్‌స్టిట్యూట్, ముంబయి సెంట్రల్ లేబర్ ఇన్‌స్టిట్యూట్‌లలో డిప్లొమా ఉంది. అనుభవం షరతులు నోటిఫికేషన్‌లో చూసుకోండి. ఐటీఐ, డిప్లొమా వాళ్లకు ఇన్‌ఫ్రాస్ట్రక్చర్ ఎక్విప్‌మెంట్ స్కిల్ కౌన్సిల్ ఆపరేటర్, మెకానిక్ కోర్సులున్నాయి. ఇన్‌స్టాగ్రామ్‌లో 'పది రోజుల్లో గల్ఫ్ సర్టిఫికెట్' అనేవాళ్లకు మాత్రం డబ్బులు కట్టొద్దు.

మొదట్లో జీతం సాఫ్ట్‌వేర్ ఫ్రెండ్స్ ముందు చెప్పుకొనేలా ఉండదు. ఎండ, దుమ్ము తప్పవు. రెండో ఉద్యోగం ఇంటర్వ్యూలో నాకు హుక్ ఫొటో ఒకటి చూపించి ఏం కనిపిస్తోందని అడిగారు. సేఫ్టీ ల్యాచ్ లేదన్నాను. "నోరు తెరుచుకుందా?" అంటే, కొలవకుండా చెప్పలేనన్నాను. కాక ఉంటే అదే అనేవాడు.

కాజీపేట రైల్వే యూనిట్ వైపో, గీసుగొండ దగ్గరి టెక్స్‌టైల్ పార్కు వైపో వెళ్తే రోడ్డు పక్కన క్రేన్ ఆగి ఉండటం మామూలే. ఈ సెలవుల్లో ఓసారి ఆగి, ఆపరేటర్‌ను "అన్నా, లోడ్ చార్ట్ ఓసారి చూపిస్తవా" అని అడగండి. పని నడుస్తుంటే దూరంగా ఉండి, టీ టైమ్‌లో పలకరించండి. చార్ట్ చెరిగిపోయి ఉంటే, మరి ఎంత ఎత్తొచ్చో ఎట్ల తెలుస్తదని అడగండి.