తాతలనాటి ట్రాక్టరు: ముంగిట నిలపాలా, పొలానికి తోలాలా?

ఇంట్లో పాతబడిన వస్తువుకు మూడే దారులు: వాడుకోవడం, దాచుకోవడం, పాత ఇనుప సామానువానికి వేయడం. ఇత్తడి బిందె విషయమైతే ఇంటి ఇల్లాలు అరగంటలో తేల్చివేస్తుంది. కాని ఆ వస్తువు టన్నుకు పైబడిన బరువుతో, దొడ్డిలో చింతచెట్టు కింద ఏళ్ళ తరబడి కదలక నిలిచి ఉన్నప్పుడు, అందులోనూ దానిని కొన్నవారు నాయనగారో తాతగారో అయినప్పుడు, తేల్చడం అంత సులభం కాదు. "బాగు చేయిస్తాము సరే, ఎందుకోసం? చూడడానికా, దున్నడానికా?" అనే ప్రశ్న మన కుటుంబాలలో తరచు వినవస్తున్నది. దీనికి జవాబు ముందే తేల్చుకోకుండా మేస్త్రీని పిలిస్తే డబ్బు రెండు వైపులా పోతుంది, బండి ఏ వైపుకూ కాకుండా పోతుంది. కాబట్టి మాకు తెలిసిన నాలుగు మాటలు ఇక్కడ వ్రాస్తున్నాము.

మనవారికీ ట్రాక్టరుకూ ఉన్న బంధము చిన్నది కాదు. తుంగభద్ర ఆనకట్ట 1953లో పూర్తయింది. హీరాకుడ్ 1957లో ప్రారంభమయింది. ఆ కాలువల కింద భూములు కొని గంగావతి, సింధనూరు ప్రాంతాలలోను, ఒడిషాలో బరగఢ్, సంబల్పూరు వైపునను స్థిరపడిన ఆంధ్ర రైతులు ఎందరో ఉన్నారు. కర్ణాటకలో వారు కట్టుకున్న పల్లెలను నేటికీ 'క్యాంపులు' అనే పిలుస్తారు. కోవిల్పట్టి నల్లరేగడిలోను, కోయంబత్తూరు పత్తి చేలలోను మనవారి సేద్యము అంతకంటె ఎన్నో తరాల పాతది. ఇటువంటి చోట్ల ఇంటికి మొదటి ట్రాక్టరు వచ్చిన రోజు పెండ్లిరోజువలె జ్ఞాపకముంటుంది. పసుపు కుంకుమలు పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి, దాని ముందు నిలబడి ఫోటో తీయించుకోని కుటుంబము అరుదు.

ఆ బండ్లు ఏ కాలమువో చూద్దాము. మొదట వచ్చినవి దిగుమతి బండ్లు. జర్మనీలో మాన్‌హైమ్ పట్టణంలో 1921 నుండి తయారైన లాంజ్ బుల్‌డాగుకు ఒకటే పెద్ద సిలిండరు. దాని తలను బ్లో ల్యాంపుతో ఎర్రగా కాల్చి, స్టీరింగు చక్రాన్ని ఊడదీసి, పక్కనున్న ఫ్లైవీలుకు తగిలించి తిప్పితేగాని లేచేది కాదు. ఇంగ్లండులో కోవెంట్రీలో 1946 నుండి 1956 వరకు తయారైన బూడిదరంగు ఫెర్గుసన్ 5 లక్షలకు పైగా అమ్ముడుపోయింది. నాగలిని వెనుక మూడు చోట్ల తగిలించి నూనె ఒత్తిడితో పైకెత్తే ఏర్పాటును లోకమంతటా వ్యాపింపజేసినది అదే. నేటి ట్రాక్టర్లన్నీ ఆ ఏర్పాటుకే వారసులు.

మన దేశంలో తయారైన మొదటి ఐషర్ ట్రాక్టరు 1959 ఏప్రిల్ 24న ఫరీదాబాదు కర్మాగారం నుండి బయటికి వచ్చింది. 1960లో మద్రాసులో టాఫే కంపెనీ ఏర్పడి మాసే ఫెర్గుసన్ బండ్లను చేయసాగింది. 1963లో బొంబాయిలో ఇంటర్నేషనల్ ట్రాక్టర్ కంపెనీ వెలిసి బి-275 బండిని ఇచ్చింది. 1971లో హెచ్.ఎం.టి. వారు పింజోరులో జెటార్ నమూనాతో మొదలుపెట్టారు. ఆనాటి బండ్లు నేడు 50, 60 ఏళ్ళవి. వీటిలో ఏది మీ దొడ్డిలో ఉన్నదో తెలుసుకోవడమే మొదటి మెట్టు. ఎందుకంటే జవాబులో సగము అక్కడే ఉన్నది. మాసే 1035 వంటి బండి వంశము ఇంకా బజారులో నడుస్తున్నది కనుక రింగులు, లైనర్లు, క్లచ్చి ప్లేట్లు దొరుకుతాయి. హెచ్.ఎం.టి. ట్రాక్టరు విభాగాన్ని 2016లో మూసివేశారు కనుక దాని సామాను వెదకి తెచ్చుకోవలసినదే. బుల్‌డాగు వంటిదానికి లేతు పట్టించి చేయించుకోవడం తప్ప గతిలేదు. అటువంటి దానిని పనికి పెట్టడమంటే ముసలి ఏనుగు చేత మూటలు మోయించడమే.

చూపు కోసం నిలిపే బండి

చూపు కోసమంటే తళతళలాడే రంగు వేయించడమని చాలామంది అభిప్రాయము. అది తొందరపాటు. పాత వాహనాల అంతర్జాతీయ సమాఖ్యవారు 2012లో ఆమోదించిన టూరిన్ చార్టరు అనే నియమావళిలో ఉన్నదాన్ని ఉన్నట్టు కాపాడడానికే మొదటి పీట. కొత్తగా తీర్చిదిద్దడం తరువాతి మాట. ఇందులో న్యాయమున్నది. రంగు ఎప్పుడైనా వేయవచ్చును. ఒకసారి గీకివేసిన పాత రంగును మాత్రము మళ్ళీ తేలేము.

రంగు వేయించదలచుకుంటే ఏడాదిని బట్టి రంగు మారుతుందని గుర్తుంచుకోవలెను. ఇంగ్లండు 35 బండి మొదట బూడిద, బంగారు వన్నెలలో వచ్చి, పిమ్మట ఎరుపు రేకులతో వచ్చింది. బానెట్టు లోపలివైపున, టూలు పెట్టె అడుగున మొదటి రంగు తరచు మిగిలి ఉంటుంది. గీకేముందు అక్కడ చూడవలెను. ప్రతి భాగము విప్పేముందు ఫోటో తీసి, నట్లు బోల్టులు వేర్వేరు డబ్బాలలో వేసి చీటీలు అంటించవలెను. పాత రంగులలో సీసమూ, పాత బ్రేకు లైనింగులలో ఆస్‌బెస్టాసూ ఉండవచ్చును. గాలికొట్టి దుమ్ము లేపక, తడిపి తుడవడం మంచిది. పిల్లలను ఆ దరిదాపులకు రానీయరాదు.

పనికి పెట్టే బండి

పనికి పెట్టదలచిన బండికి రంగుతో పని లేదు. బ్రేకులు, స్టీరింగు, క్లచ్చి, హైడ్రాలిక్కు, టైర్లు అనే వరుసలో ఖర్చు పెట్టవలెను. ఏళ్ళ తరబడి నిలిచిన ఇంజనును ఇంకో బండికి కట్టి లాగి స్టార్టు చేయడం మనవారి అలవాటు. బిగిసిన రింగులు విరిగి, సిలిండరు గీతలు పడి, చిన్న ఖర్చు పెద్దదవుతుంది. నాజిళ్ళు విప్పి, సిలిండర్లలో డీజిలూ ఇంజనాయిలూ కలిపి పోసి, కొన్ని రోజులు నాననిచ్చి, చేతితో మెల్లగా తిప్పి చూడవలెను. చాంబరులోని నూనె దించి, అందులో నీరు కలిసిందేమో పరీక్షించవలెను. పాత డీజిలు పారబోసి, ట్యాంకు కడిగి, ఫిల్టర్లు మార్చి, గాలి తీసివేసిన తరువాతనే స్టార్టు చేయడం.

దానిచేత ఏ పని చేయించాలన్నది వేరే లెక్క. 35 గుర్రాల పాత బండికి నేటి రోటావేటరు తగిలిస్తే అది రోజూ ఆయాసపడుతూ ఉంటుంది. పాత నమూనాలు కొన్నింటిలో క్లచ్చి ఒకటే కనుక, కాలు వేయగానే బండితోపాటు వెనుక తిరిగే షాఫ్టు కూడా ఆగిపోతుంది. దమ్ము చక్రాలు కట్టి మాగాణిలో దించితే ఇరుసు మీద భారము పెరుగుతుంది, సీళ్ళు అరిగి బురదనీరు బ్రేకు డ్రమ్ములలోకి దిగుతుంది. కాబట్టి దమ్ముకు కొత్త బండిని అద్దెకు తెచ్చుకొని, పాతదానికి గొర్రు, గుంటక, గడ్డి తోలకము వంటి తేలిక పనులు అప్పగించడం మర్యాద.

ఒక ఇంటి సంగతి

మేమెరిగిన ఒక క్యాంపు కుటుంబంలో తండ్రిగారు పోయిన ఏడాదికి ఈ విషయమై అన్నదమ్ములకు మాట పట్టింపు వచ్చింది. పెద్దవాడు పట్నంలో ఉద్యోగి. "నాన్నగారి బండిరా అది! కొత్తగా రంగు వేయించి వాకిట్లో గద్దె కట్టి నిలుపుదాము. మనుమలు చూస్తారు," అన్నాడు. చిన్నవాడు సేద్యము చేసేవాడు. "అన్నయ్యా, నువ్వు సంక్రాంతికి వచ్చి చూసిపోతావు. నేను రోజూ చూడాలి. నాన్న ఏనాడైనా దాన్ని ఊరికే నిలబెట్టాడా? తిరిగితేనే అది ఆయన బండి," అన్నాడు. ఇద్దరి మాటలోనూ ప్రేమే ఉన్నది. దానితోపాటు ఎవరు ఖర్చు పెట్టాలి, ఎవరిది కావాలి అనే లెక్క కూడా ఉన్నది. రెండు నెలలు ఫోనులో పలకరింపులు తగ్గిపోయినవి.

చివరకు తల్లిగారే, "మీ నాన్న లెక్కల పుస్తకాలు పెట్టెలో ఉన్నాయి. ముందు అవి చదవండి, తరువాత కొట్టుకుందురుగాని," అన్నారు. చదివారు. ఇంజను రెండుసార్లు బోరు చేయించినట్టు, బానెట్టు వేరొక బండిదని, ముందు చక్రాలు మార్చినట్టు అందులో ఉన్నది. అంటే పెద్దవాడు కాపాడదలచిన 'కంపెనీ రూపము' ఎన్నడో పోయింది. మిగిలినది తండ్రి మిగిల్చినదే: కమ్మరి చేత చేయించిన కాలిపీట, చేతి రాపిడికి నునుపెక్కిన గేరు కడ్డీ, మడ్‌గార్డు మీద ఆయన కూర్చోబెట్టిన పిల్లల కోసం అతికించిన పట్టుకమ్మి. కొత్త రంగు వేస్తే ఇవే మరుగున పడతాయి. రంగు మానుకొని, తుప్పు పట్టిన చోట్ల మాత్రము శుభ్రపరచి నూనె పట్టించి, బ్రేకులు, ఇంజను బాగు చేయించారు. ఖర్చు సగము సగము వేసుకున్నారు. నేడు ఆ బండి గడ్డి తోలుతున్నది. పండుగనాడు మాత్రము కడిగి, బంతిపూల దండ వేసి, వాకిట్లో నిలుపుతున్నారు.

ప్రతి ఇంటికీ ఇదే తీర్పు తగుతుందని మేము చెప్పము. ఒక్కటి మాత్రము నిశ్చయము: బండి చరిత్ర తెలియనిదే దాని భవిష్యత్తు తేలదు.

ప్రాణానికీ చట్టానికీ సంబంధించిన మాట

పాత ట్రాక్టర్లకు బోల్తా పడినప్పుడు తోలేవానిని కాపాడే ఇనుప చట్రము ఉండదు. లాగే గొలుసును ఇరుసుకంటె ఎత్తున కడితే ముందు చక్రాలు లేచి బండి వెనక్కు తిరగబడుతుంది. వెనుక తిరిగే షాఫ్టుకు మూత లేకపోతే పంచె కొస గాని, చీర కొంగు గాని చుట్టుకోవడానికి క్షణము పట్టదు. పనికి పెట్టేవారు చట్రమూ మూతా తప్పక అమర్చుకోవలెను. పాత రూపము చెడిపోతుందని వెనుదీయరాదు. అవి బోల్టులతో బిగిస్తే ప్రదర్శననాడు విప్పవచ్చును.

ఇక చట్టము. 2021 జులైలో కేంద్ర ప్రభుత్వము మోటారు వాహన నిబంధనలలో పాతకాలపు బండ్లకు వేరే ఏర్పాటు చేసింది. 50 ఏళ్ళు దాటి, మొదటి రూపము చెడకుండా, చాసిస్, ఇంజను పెద్దగా మార్చకుండా ఉన్న సొంత వాడకపు రెండు, నాలుగు చక్రాల వాహనాలకు 'వి.ఎ.' అక్షరాలతో నంబరు ఇస్తారు. కొత్త నమోదుకు రుసుము 20,000 రూపాయలు, 10 ఏళ్ళు చెల్లుతుంది, మళ్ళీ నమోదుకు 5,000. ఆ నంబరు గల బండి ప్రదర్శనకు, ర్యాలీకి, పరిశోధనకు, ఇంధనానికి, మరమ్మతుకు తప్ప రోడ్డెక్కరాదు. చట్టము కూడా చూపు బండిని, పని బండిని వేరు చేసిందన్నమాట. మీ ట్రాక్టరు ఏ కోవలోకి వస్తుందో రవాణా కార్యాలయంలో అడిగి తెలుసుకున్న తరువాతనే ఖర్చుకు దిగడం మేలు.

నిలిపి ఉంచేవారు కూడా బండిని మరచిపోరాదు. నెలకొకసారి వేడెక్కేదాకా ఇంజను నడపడం, బ్యాటరీ తీగ విప్పి ఉంచడం, నీరు చేరకుండా ట్యాంకు నిండుగా ఉంచడం, సైలెన్సరు మూతికి డబ్బా బోర్లించడం, ఎలుకలు తీగలు కొరకకుండా చూడడం, ఇరుసుల కింద దిమ్మెలు పెట్టి టైర్ల మీద బరువు తగ్గించడం, ఇంతే సేవ.

చివరగా మా విన్నపము ఒకటి. చూపుకైనా, పనికైనా, బండితోపాటు ఒక నోటుపుస్తకము పెట్టండి. ఎవరు కొన్నారు, ఎంతకు కొన్నారు, ఎవరు తోలారు, ఏ పొలము మొదట దున్నింది, ఏ మేస్త్రీ ఏ భాగము మార్చాడు, అంతా తెలుగులో వ్రాయండి. ఇంట్లో పెద్దవారు ఉండగానే అడిగి వ్రాయండి. ఇనుముకు తుప్పు పట్టితే గీకి నూనె రాయవచ్చును. జ్ఞాపకానికి పట్టిన తుప్పును ఏ మేస్త్రీ వదిలించలేడు.