కారు రిమోట్ పనిచేయడం లేదా? కొత్త కీ కొనే ముందు ఇవి చూడండి

సికింద్రాబాద్: మోండా మార్కెట్‌లో సామాన్లు కొని, రెండు చేతుల్లో సంచులతో కారు దగ్గరికి వస్తారు. రిమోట్ నొక్కితే ఉలుకూ పలుకూ ఉండదు. మళ్లీ నొక్కుతారు, గట్టిగా నొక్కుతారు, అయినా అంతే. ఎండలో పిల్లలు సతాయిస్తుంటే కంగారు పుడుతుంది. ఆ కంగారులోనే చాలామంది టోయింగ్ బండిని పిలుస్తారు, లేదంటే కొత్త కీకి ఆర్డర్ ఇస్తారు. కొత్త రిమోట్ కీ ఖర్చు వేలల్లో ఉంటుంది. కానీ ఎక్కువసార్లు అసలు సమస్య వంద రూపాయల లోపు దొరికే చిన్న సెల్లు మాత్రమే.

ఒక కీలో మూడు పనులు

మన ఇళ్లలో చాబీ అన్నా, కీ అన్నా, రిమోట్ అన్నా ఒకటే. నిజానికి అందులో మూడు వేర్వేరు భాగాలున్నాయి. మొదటిది తలుపులు తెరిచే రేడియో రిమోట్. మన దేశంలోని చాలా కార్లలో ఇది 433 మెగాహెర్ట్జ్ దగ్గర పనిచేస్తుంది. దీనికి సెల్లు కావాలి. రెండోది ఇంజిన్ స్టార్ట్ కావడానికి అనుమతిచ్చే ఇమ్మొబిలైజర్ చిప్. దీనికి సెల్లు అక్కర్లేదు, కారులోని కాయిల్ నుంచే కరెంటు తీసుకుంటుంది. మూడోది ఇనుప తాళం చెవి.

సెల్లు అయిపోతే ఆగేది మొదటిది ఒక్కటే. మిగతా రెండూ పనిచేస్తూనే ఉంటాయి. ఈ ఒక్క సంగతి గుర్తుంటే సగం కంగారు తగ్గుతుంది.

ముందు ఇంటికి చేరడం ఎలా?

బటన్ స్టార్ట్ కార్ల స్మార్ట్ కీ చూడటానికి ఉత్త ప్లాస్టిక్ ముక్కలా ఉంటుంది. కానీ పక్కన చిన్న లాచ్ జరిపితే లోపలి నుంచి ఇనుప చెవి బయటికి వస్తుంది. దాన్ని డ్రైవర్ తలుపు రంధ్రంలో పెట్టి తిప్పాలి. కొన్ని మోడళ్లలో ఆ రంధ్రం హ్యాండిల్ దగ్గరున్న చిన్న మూత కింద దాగి ఉంటుంది. ఇలా తెరిస్తే కొన్ని బండ్లలో సైరన్ మోగుతుంది, భయపడకండి. ఇంజిన్ స్టార్ట్ చేస్తే సాధారణంగా ఆగిపోతుంది.

తర్వాత ఇంజిన్ సంగతి. చెవి పెట్టి తిప్పే బండి అయితే మామూలుగానే తిప్పండి. బటన్ బండి అయితే బ్రేకు, గేర్ల బండి అయితే క్లచ్ కూడా తొక్కి ఉంచండి. హ్యుందాయ్, కియా కార్లలో చాలావాటికి స్టార్ట్ బటన్‌ను వేలితో కాకుండా స్మార్ట్ కీతోనే నొక్కాలి. టయోటాలో కీని లోగో ఉన్న వైపు బటన్‌కు ఆనించి, శబ్దం వచ్చాక బటన్ నొక్కాలి. కొన్ని కార్లలో కీ పెట్టడానికి ప్రత్యేకంగా ఒక చోటు ఉంటుంది. మీ బండి పద్ధతి ఓనర్స్ మాన్యువల్‌లో ఉంటుంది. ఆ పేజీని ఈరోజే ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి.

తప్పు కీలోనా, కారులోనా?

ఇది తేల్చడానికి రెండో కీని మించిన పరీక్ష లేదు. రెండో కీ పనిచేస్తే తప్పు మొదటి కీది. రెండూ పనిచేయకపోతే కారు వైపు చూడాలి. లోపలి లైట్లు మసకగా ఉన్నా, హారన్ నీరసంగా మోగినా కారు 12 వోల్టుల బ్యాటరీ డిశ్చార్జ్ అయినట్టే. అప్పుడు ఎంత కొత్త రిమోట్ తెచ్చినా తలుపు తెరుచుకోదు.

గల్ఫ్‌లో ఉద్యోగం చేస్తూ ఏడాదికోసారి సెలవుకు వచ్చేవారి ఇళ్లలో ఇది ఎక్కువగా కనిపిస్తుంది. నెలల తరబడి నిలిపిన కారులో అలారం, లాక్ సర్క్యూట్లు కొద్దికొద్దిగా బ్యాటరీని తాగేస్తాయి. ఇంట్లో ఉన్నవాళ్లెవరైనా వారానికోసారి అరగంట నడిపితే ఈ తిప్పలు తప్పుతాయి.

రెండు బ్యాటరీలూ బాగున్నా రిమోట్ ఆ ఒక్క చోటే మొరాయిస్తే, దగ్గర్లో టీవీ లేదా రేడియో ట్రాన్స్‌మిటర్ లాంటిది ఉండొచ్చు. కారుకు ఆనుకుని నిలబడి నొక్కి చూడండి. జేబులో ఫోన్, కీ అతుక్కుని ఉంటే విడదీయండి. రెండు కార్ల కీలను ఒకే గుత్తిలో పెట్టకండి, ఒకదాని చిప్ ఇంకోదానికి అడ్డుపడొచ్చు.

సెల్లు మార్చడం

బటన్ నొక్కినప్పుడు చిన్న లైటు వెలగకపోయినా, ముందు ఇరవై అడుగుల నుంచి పనిచేసింది ఇప్పుడు రెండు అడుగుల్లోనే పనిచేస్తున్నా సెల్లు అయిపోవచ్చినట్టే. ఎక్కువ కీలలో ఉండేది సీఆర్2032 అనే 3 వోల్టుల సెల్లు. ఆ అంకెకు అర్థం ఉంది: 20 మిల్లీమీటర్ల వెడల్పు, 3.2 మిల్లీమీటర్ల మందం. సీఆర్2025 కూడా అంతే వెడల్పు, కానీ పలుచన. దుకాణంలో "ఇదీ అదే సార్" అని ఇచ్చినా తీసుకోవద్దు, లోపల కదిలి మధ్యమధ్యలో ఆగిపోతుంది. పాత సెల్లు మీదున్న నంబరే అడగండి.

కీ అంచున్న గాడిలో నాణెం పెట్టి మెల్లగా తిప్పితే తెరుచుకుంటుంది. ప్లస్ గుర్తు ఏ వైపుందో ముందే చూసుకోండి. లోపలి రేకులు నల్లబడి ఉంటే పెన్సిల్ రబ్బరుతో తుడవండి. కీ వానలో తడిసినా, కుర్తా జేబులో ఉండి వాషింగ్ మెషిన్‌లో పడినా వెంటనే సెల్లు తీసేసి, ఒకరోజు నీడలో ఆరనివ్వండి. వేడి గాలి పట్టవద్దు.

ఇంకో మాట. స్మార్ట్ కీ కారుకు దగ్గర్లో ఉంటే ఆ రెండూ తరచూ సంకేతాలు మార్చుకుంటూనే ఉంటాయి. గేటు పక్కనే కారు, ఆ గోడకే కీ వేలాడదీస్తే సెల్లు తొందరగా అయిపోతుంది. లోపలి గదిలో పెట్టండి.

కొత్త సెల్లు వేసినా రాకపోతే

రిమోట్ ప్రతిసారీ కొత్త కోడ్ పంపుతుంది. దొంగలు పాత కోడ్‌ను పట్టుకుని వాడకుండా ఈ ఏర్పాటు. కారుకు దూరంగా పిల్లలు ఆటగా వందల సార్లు నొక్కితే కారు లెక్క, కీ లెక్క తప్పిపోవచ్చు. కొన్ని మోడళ్లలో చెవి పెట్టి ఇగ్నిషన్ ఆన్ చేసి రిమోట్ నొక్కితే మళ్లీ కలుస్తాయి. కొన్నింటికి మెకానిక్ స్కానర్ కావాలి.

అదీ కాకపోతే అప్పుడు షోరూంకో, రాణిగంజ్ స్పేర్ పార్ట్స్ బజార్ వైపో వెళ్లండి. బటన్ రబ్బరు మాత్రమే అరిగితే పైతొడుగు మార్చితే సరిపోతుంది, పాత సర్క్యూట్, చిప్ అందులోనే వేస్తారు. కొత్త కీ ప్రోగ్రామ్ చేయిస్తే మీ కళ్ల ముందే చేయించండి. పాతది పోయి ఉంటే దాన్ని కారు మెమరీ నుంచి తీసేయమని తప్పక అడగండి. లేకపోతే అది దొరికినవాడు మీ బండి నడపగలడు.

సెకండ్ హ్యాండ్ కారు కొనేటప్పుడు రెండు కీలూ తీసుకోండి. కారు దొంగతనానికి గురైతే బీమా కంపెనీలు సాధారణంగా రెండు ఒరిజినల్ కీలూ అడుగుతాయి.

పిల్లల విషయంలో రెండు జాగ్రత్తలు

తీసేసిన సెల్లును టేబుల్ మీద వదలకండి. చిన్నపిల్లలు మింగితే అది గొంతులో ఇరుక్కుని, రెండు గంటల్లోనే అన్నవాహికను లోతుగా కాల్చేయగలదు. అయిపోయిన సెల్లులోనూ అంత శక్తి మిగిలే ఉంటుంది. మింగినట్టు అనుమానం వచ్చినా వాంతి చేయించకండి, వెంటనే ఎక్స్‌రే ఉన్న ఆసుపత్రికి పరుగెత్తండి. 108కి ఫోన్ చేయండి. పాత సెల్లుకు రెండు వైపులా టేపు చుట్టి, ఈ-వేస్ట్ తీసుకునే చోట ఇవ్వండి.

రెండోది, "కీ లోపలుంటే కారు లాక్ కాదులే" అని నమ్మకండి. సెల్లు నీరసించిన కీని కారు గుర్తించకపోవచ్చు. కీ, పసిబిడ్డ ఇద్దరూ లోపలే ఉండిపోతే మెకానిక్ కోసం ఎదురుచూడవద్దు. ఎండలో మూసిన కారు లోపల 10 నిమిషాల్లోనే సుమారు 10 డిగ్రీల వేడి పెరుగుతుంది. 112కి ఫోన్ చేస్తూనే, బిడ్డకు దూరంగా ఉన్న కిటికీ అద్దం పగలగొట్టండి. అద్దం మళ్లీ వేయించుకోవచ్చు.