ఇల్లు దగ్గరపడింది.. కాస్త నెమ్మది!

కన్యాకుమారి దాకా ఒక్కరే బండి మీద వెళ్లొస్తున్నారు. పది రోజులైంది. మదురై, బెంగళూరు, అనంతపురం అన్నీ వెనకబడ్డాయి. కర్నూలు దగ్గర తుంగభద్ర వంతెన దాటగానే తెలంగాణ. హైదరాబాద్‌కు ఇంకా సుమారు 210 కిలోమీటర్లే. ‘ఎంతసేపు.. మూడు గంటలు. రాత్రి భోజనానికి ఇంట్లో ఉంటా’ అని అమ్మకు ఫోన్ చేసేద్దామనుకుంటారు. ఆ ఫోన్ చేసేముందు ఓ పది నిమిషాలు బండి పక్కన ఆపి ఇది చదవండి.

వెళ్లేటప్పుడు మనం చాలా జాగ్రత్తపరులం. పొద్దున్నే చైన్ చూస్తాం, టైర్లలో గాలి చూస్తాం, చీకటి పడితే లాడ్జి వెతుక్కుంటాం. తిరిగొచ్చేటప్పుడు అవన్నీ గాలికి వదిలేస్తాం. పది రోజుల అలసట ఒంట్లో పేరుకుని ఉంటుంది. మనసు అప్పటికే ఇంటికి చేరిపోయి ఉంటుంది. పైగా సోమవారం పొద్దున తొమ్మిదికి ఆఫీసులో లాగిన్ అవ్వాలి. ఈ మూడూ కలిస్తే యాత్ర మొత్తంలో ప్రమాదకరమైన రోజు ఆఖరి రోజే అవుతుంది.

కేంద్ర రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. అందులో 74,897 మంది ద్విచక్ర వాహనాల మీద వెళ్తున్నవాళ్లే. అంటే ప్రతి 100 మందిలో 44 మందికి పైగా మనలాంటివాళ్లే.

విశాఖపట్నానికి చెందిన భరద్వాజ్ దయాల 2006లో కరిజ్మా బండి మీద ఒంటరిగా ప్రపంచయాత్రకు బయల్దేరి, ఏడాదిన్నర తర్వాత 2007లో తిరిగొచ్చారు. ఎన్ని దేశాలు చుట్టారన్నదే అందరూ అడుగుతారు. తిరిగి ఇల్లు చేరడం కూడా ఆ రికార్డులో భాగమేనని మర్చిపోతాం.

తుంగభద్ర నుంచి జడ్చర్ల

ఆలంపూర్ చౌరస్తా, ఎర్రవల్లి, బీచుపల్లి దగ్గర కృష్ణ వంతెన, పెబ్బేరు, కొత్తకోట, భూత్పూర్.. ఇదంతా 44వ నంబరు జాతీయ రహదారి. వెడల్పుగా, మధ్యలో డివైడర్‌తో సాఫీగా ఉంటుంది. ఇక్కడ ఇబ్బంది పెట్టేది గుంతలు కాదు, విసుగు. అదే రోడ్డు, అదే ఇంజిన్ మోత. కళ్లు తెరిచే ఉంటాయి కానీ మెదడు కునుకు తీస్తుంది.

చిన్న లెక్క వేయండి. గంటకు 80 కి.మీ. వేగమంటే సెకనుకు 22 మీటర్లు. మూడు సెకన్లు కునుకు పడితే 66 మీటర్లు బండిని ఎవరూ నడపనట్టే. పోనీ అంత వేగంతో మిగిలేదెంత? 210 కిలోమీటర్లూ సగటున 80లో వస్తే 2 గంటల 38 నిమిషాలు, 70లో వస్తే 3 గంటలు. మీరు సంపాదించేది 22 నిమిషాలు.

వెనక దాటిన నాలుగు ఊళ్ల పేర్లు గుర్తు రావట్లేదా? మెడ ఒక్కసారి వాలిందా? అంతే, ఆగిపోవాలి. ముఖాన నీళ్లు కొట్టుకోవడం, పాటలు పెట్టుకోవడం కాసేపటికే. నిద్రకు మందు నిద్రే. ఓ చాయ్ తాగి ధాబాలో నులక మంచం మీద 20 నిమిషాలు ఒరగండి. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు, అర్ధరాత్రి రెండు నుంచి తెల్లవారుజామున ఆరు.. ఈ వేళల్లో శరీరం నిద్రే కోరుకుంటుంది. 2013 అక్టోబరు 30 తెల్లవారుజామున బెంగళూరు నుంచి హైదరాబాద్ వస్తున్న బస్సు కాలిపోయి 45 మంది చనిపోయింది ఈ దారిలోనే, కొత్తకోట దగ్గర పాలెంలో. ఆ వేళకు రోడ్డు ఖాళీగా ఉంటుందని రాత్రంతా నడుపుతామనేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి.

ఆగడానికి సాకు కావాలంటే బోలెడు. చౌరస్తా నుంచి పక్కకు తిరిగితే ఆలంపూర్‌లో జోగులాంబ గుడి, చాళుక్యుల నాటి నవబ్రహ్మ ఆలయాలు. బీచుపల్లిలో ఆంజనేయుడి గుడి, కృష్ణ ఒడ్డు. సీజన్‌లో అయితే జడ్చర్ల దాటాక బాలానగర్ సీతాఫలాలు. ఇంటికి పట్టుకెళ్లడానికి అంతకంటే ఏం కావాలి?

కుడికి తిరిగితే నల్లగొండ

మీది నల్లగొండ వైపైతే జడ్చర్లలో 167వ నంబరు రహదారి అందుకుని కల్వకుర్తి, మల్లేపల్లి మీదుగా వెళ్తారు. అప్పటిదాకా నాలుగు వరుసల రోడ్డుకు అలవాటుపడ్డ చేతులు ఇక్కడ కొత్తగా నేర్చుకోవాలి. డివైడర్ లేనిచోట ఎదుటి లారీ లైట్లు సూటిగా కళ్లలో కొడతాయి. పొద్దుగూకే వేళకు బర్రెలు, మేకల మందలు ఇళ్లకు మళ్లుతాయి. పత్తి లోడుతో వెళ్లే ట్రాక్టర్‌కు వెనక లైటు ఉండకపోవచ్చు. కోతల కాలంలో రోడ్డు సగం మీద వడ్లు ఆరబోసి, చుట్టూ రాళ్లు పెడతారు. వడ్లు ఎత్తాక కొన్ని రాళ్లు అక్కడే ఉండిపోతాయి. చీకట్లో అవి కనబడేసరికి ఆలస్యమైపోతుంది. అందుకే ఒక నియమం పెట్టుకోండి: పొద్దు గూకేలోగా కల్వకుర్తి దాటలేకపోతే ఆ రాత్రి జడ్చర్లలోనో మహబూబ్‌నగర్‌లోనో పడుకోవడమే.

ఆఖరి రోజు పొద్దున చూడాల్సినవి

- చైన్ సాగిందా? ఎంత వదులు ఉండాలో బండి మాన్యువల్‌లో ఉంటుంది. శుభ్రం చేసి లూబ్ వేయండి.
- టైర్ చల్లగా ఉన్నప్పుడే గాలి చూడండి. అరుగుదల గుర్తుల దాకా వచ్చిందేమో గమనించండి.
- బ్రేక్ ప్యాడ్లు, వెనక లైటు, ఇండికేటర్లు.
- హెల్మెట్ వైజర్ తుడవండి. సాయంత్రం ఎండకు మరకలన్నీ అడ్డమే.
- హైవే సాయానికి 1033, అత్యవసరానికి 112. లైవ్ లొకేషన్ ఇంట్లో ఒకరికి పంపండి.
- 2025 మే నుంచి అమల్లోకి వచ్చిన కేంద్ర పథకం ప్రకారం రోడ్డు ప్రమాద బాధితులకు గరిష్ఠంగా 7 రోజులు, రూ.1.5 లక్షల దాకా నగదు రహిత చికిత్స ఉంది. ఇంట్లోవాళ్లకూ చెప్పండి.

లీవ్‌లో ఒక రోజు ఎక్కువ

ప్రాజెక్టు షెడ్యూల్‌లో బఫర్ పెడతాం కదా! యాత్రకూ అంతే. పది రోజుల రైడ్‌కు పదకొండు రోజుల లీవ్ అడగండి. సోమవారం డ్యూటీ అయితే శనివారానికే ఇల్లు చేరేలా ప్లాన్ వేయండి. ఆ ఒక్క రోజు లేకపోతే కర్నూలులో ఆగాల్సినవాళ్లు జడ్చర్ల దాకా, జడ్చర్లలో ఆగాల్సినవాళ్లు ఇంటిదాకా లాగించేస్తారు. అంతకీ కుదరకపోతే మేనేజర్‌కు మెసేజ్ పెట్టండి. ఒక పూట సెలవు దొరకడం మరీ అంత కష్టమేం కాదు.

ఎదురుచూడటం ఈ నేలకు కొత్త కాదు. బతుకుదెరువు కోసం బొంబాయి, పుణె వెళ్లిన పాలమూరు వలస కూలీల కోసం ఎన్ని ఊళ్లలో ఎందరు తల్లులు వాకిట్లో కూర్చుని చూశారో! మీ అమ్మ కూడా ‘ఎప్పుడొస్తవ్ బిడ్డా?’ అని అడుగుతుంది. గంట లెక్క చెప్పకండి. చెప్పారంటే ఆ గంట కోసం పరుగు పెడతారు. ‘రేపు పొద్దుగాల బయల్దేరి నిమ్మళంగ వస్త’ అనండి. ఆమె కూడా ఆ రాత్రి నిమ్మళంగా పడుకుంటుంది.