వాతావరణ ఆధారిత పంటల బీమా

వాతావరణ ఆధారిత పంటల బీమా అనగా పొలంలో జరిగిన నష్టాన్ని కాక, ఆ ప్రాంతపు వాతావరణ కేంద్రంలో నమోదైన వర్షపాతం, ఉష్ణోగ్రత, గాలిలో తేమ వంటి కొలతలను ఆధారంగా తీసుకొని రైతుకు పరిహారం చెల్లించే బీమా పద్ధతి. భారతదేశంలో ఇది మొదట 2003లో అప్పటి ఆంధ్ర ప్రదేశ్‌కు చెందిన మహబూబ్ నగర్ జిల్లాలో అమలయింది. గుంటూరు జిల్లాలో మిరప పంటకు 2009 ఖరీఫ్‌లో ప్రవేశపెట్టారు. ఈ బీమాకు వెనుక ఉండే లెక్కల విద్యను వాతావరణ నష్టభయ విశ్లేషణ అంటారు. పిడుగురాళ్ల పరిసరాలు ఈ పద్ధతి గుణదోషాలను తెలుసుకోవడానికి తగిన ఉదాహరణ.

పిడుగురాళ్ల ప్రాంతం

పిడుగురాళ్ల పల్నాడు జిల్లా, గురజాల రెవెన్యూ డివిజనులోని పట్టణం మరియు మండల కేంద్రం. 2022 ఏప్రిల్ 4న పల్నాడు జిల్లా ఏర్పడేవరకు ఇది గుంటూరు జిల్లాలో ఉండేది. బయటివారికి ఈ ఊరు సున్నపు బట్టీల వలన తెలుసు. చుట్టుపక్కల గ్రామాలకు మాత్రం పత్తి, మిరప పంటలే జీవనాధారం. (ఊరి పేరులోనే పిడుగు ఉండడం ఈ వ్యాసానికి అనుకోకుండా కలిసివచ్చిన విషయం.)

ఈ రెండు పంటలకూ వానతో ఉన్న సంబంధం వరికి ఉన్నంత సూటిగా ఉండదు. పత్తికి జూన్, జూలై నెలల్లో విత్తనం మొలకెత్తడానికి వాన కావాలి. అదే వాన అక్టోబరు, నవంబరులలో పడితే కాయ కుళ్లుతుంది, పగిలిన పత్తి రంగు మారి ధర పడిపోతుంది. మిరప నారును సాధారణంగా ఆగస్టు, సెప్టెంబరులలో నాటుతారు. జనవరి నుండి కోతలు మొదలవుతాయి. కోసిన కాయ కళ్లంలో ఎండుతున్నప్పుడు ఒక్క రాత్రి పడిన వాన చాలు, కాయ తాలుగా మారడానికి. అప్పటికి ఎరువులు, పురుగుమందులు, కోత కూలీల ఖర్చంతా పెట్టడం అయిపోయి ఉంటుంది. 2023 డిసెంబరు 5న బాపట్ల సమీపంలో తీరం దాటిన మిచౌంగ్ తుఫాను గుంటూరు, పల్నాడు, బాపట్ల జిల్లాల్లో పంటలను దెబ్బతీసింది.

చరిత్ర

వర్షపాతాన్ని బట్టి బీమా చెల్లించాలన్న ఆలోచన విదేశాలనుండి వచ్చిందని చాలామంది అనుకుంటారు. నిజానికి మైసూరు సంస్థానానికి చెందిన జె.ఎస్. చక్రవర్తి 1920లో ప్రచురించిన పుస్తకంలోనే ఇటువంటి పథకాన్ని వివరించారు. అది అప్పట్లో ఆచరణలోకి రాలేదు.

స్వతంత్ర భారతంలో పంటల బీమా 1972లో గుజరాత్‌లో హెచ్-4 పత్తితో మొదలయింది. ఒక్కొక్క రైతు నష్టాన్ని విడివిడిగా లెక్కించిన ఆ పథకంలో వసూలయిన ప్రీమియం కంటే చెల్లించిన పరిహారం ఎన్నో రెట్లు ఎక్కువ కావడంతో దానిని నిలిపివేశారు. తరువాత 1985లో వచ్చిన సమగ్ర పంటల బీమా, 1999-2000 రబీలో వచ్చిన జాతీయ వ్యవసాయ బీమా రెండూ ఒక ప్రాంతపు సగటు దిగుబడిని ఆధారం చేసుకున్నాయి. ఈ సగటును పంటకోత ప్రయోగాల ద్వారా తేల్చాలి. ప్రయోగాలు పూర్తయి, లెక్కలు తేలి, డబ్బు వచ్చేసరికి తరువాతి పంట అదను దాటిపోయేది.

2003లో బేసిక్స్ సంస్థ, ఐసీఐసీఐ లాంబార్డ్ కంపెనీ కలిసి, ప్రపంచ బ్యాంకు సాంకేతిక సహాయంతో, మహబూబ్ నగర్ జిల్లాలో వేరుశనగ, ఆముదం రైతులకు వర్షపాత బీమాను అమ్మాయి. 2004లో భారత వ్యవసాయ బీమా కంపెనీ 'వర్ష బీమా'ను ప్రారంభించింది. కేంద్ర ప్రభుత్వ రాయితీతో కూడిన పథకం 2007 ఖరీఫ్‌లో కర్ణాటకలో మొదలై ఇతర రాష్ట్రాలకు విస్తరించింది. 2016 ఖరీఫ్ నుండి ఇది ప్రధానమంత్రి ఫసల్ బీమా యోజనతో పాటు 'పునర్వ్యవస్థీకృత' పథకంగా నడుస్తున్నది.

ఆంధ్ర ప్రదేశ్‌లో దీని నడక సాఫీగా సాగలేదు. 2019 ఖరీఫ్‌లో రైతు వాటాను 1 రూపాయికి తగ్గించారు. 2020లో రాష్ట్రం కేంద్ర పథకం నుండి బయటకు వచ్చి సొంతంగా ఉచిత బీమాను నడిపింది; 2022 ఖరీఫ్‌లో తిరిగి కేంద్ర పథకంలో చేరింది; 2024-25 రబీ నుండి రైతు వాటా మళ్లీ మొదలయింది. ఏ పంటకు వాతావరణ బీమా, ఏ పంటకు దిగుబడి బీమా అన్నది సీజను సీజనుకూ ప్రభుత్వ ప్రకటనలో నిర్ణయమవుతుంది. ఇన్ని మార్పుల మధ్య తన పంట ఏ పథకంలో ఉన్నదో రైతుకు తెలియకపోవడంలో ఆశ్చర్యం లేదు.

పరిహారం లెక్కించే విధానం

ఒప్పందంలో ప్రతి దశకూ మూడు అంకెలు ఉంటాయి: ఏ కొలత వద్ద పరిహారం మొదలవుతుంది, ఏ కొలత వద్ద పూర్తి మొత్తం చెల్లిస్తారు, మధ్యలో ఒక్కొక్క మి.మీ.కు ఎంత. ఊహాత్మకమైన ఉదాహరణ తీసుకుందాం. జూలై 15 నుండి ఆగస్టు 31 వరకు కేంద్రంలో 120 మి.మీ. కంటే తక్కువ వర్షం నమోదైతే పరిహారం మొదలవుతుంది, 40 మి.మీ. వద్ద గరిష్ఠంగా ఎకరాకు 16,000 రూపాయలు. అంటే 80 మి.మీ. తేడాకు 16,000, మి.మీ.కు 200 రూపాయలు. కేంద్రంలో 85 మి.మీ. నమోదైతే లోటు 35 మి.మీ., పరిహారం 7,000 రూపాయలు.

అధిక వర్షానికి, వరుసగా వాన లేని రోజులకు, ఉష్ణోగ్రతకు కూడా ఇదే తరహాలో హద్దులు పెడతారు. తెగుళ్లను నేరుగా కొలవలేరు కనుక అవి వ్యాపించడానికి అనుకూలమైన తేమ, ఉష్ణోగ్రతలను గుర్తుగా తీసుకుంటారు.

ఈ పద్ధతిలో పొలానికి ఎవరూ వచ్చి చూడనవసరం లేదు, కనుక పరిహారం త్వరగా తేలుతుంది. రైతు నిర్లక్ష్యం వలన పంట పోయినా, కష్టపడి కాపాడుకున్నా పరిహారం మారదు. అందువలన బీమా ఉన్నదని సేద్యాన్ని వదిలివేసే ప్రమాదం కూడా లేదు.

ప్రీమియం నిర్ణయం

ప్రీమియం లెక్క ఆ కేంద్రపు పాత రికార్డులతో మొదలవుతుంది. పై ఒప్పందం గత 30 సంవత్సరాలుగా అమలులో ఉండి ఉంటే ఏ ఏడు ఎంత చెల్లించవలసివచ్చేదో లెక్కగడతారు. 30 ఏళ్లలో 6 ఏళ్లు పరిహారం వచ్చి, మొత్తం 42,000 రూపాయలు అయిందనుకుందాం. ఏటా సగటు 1,400 రూపాయలు, అనగా బీమా మొత్తంలో 8.75 శాతం. దీనికి ఖర్చులు, అనిశ్చితికి కొంత మొత్తం కలుపుతారు. 2016 నాటి నిబంధనల ప్రకారం వాణిజ్య, ఉద్యాన పంటలకు రైతు వాటా 5 శాతం మించరాదు. మిగిలినది కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలు పంచుకుంటాయి.

ఇక్కడ ఒక చిక్కు ఉన్నది. గడచిన 30 ఏళ్లు రాబోయే ఏళ్లకు నమూనా అన్న నమ్మకం మీద ఈ లెక్క నిలుస్తుంది. వాతావరణమే మారుతున్నప్పుడు పాత సగటు తక్కువ అంచనా కావచ్చు. రికార్డు లేని కొత్త కేంద్రాలకు దూరపు కేంద్రాల లెక్కలను అరువు తెచ్చుకోవడం మరొక ఇబ్బంది.

పొలానికీ కేంద్రానికీ మధ్య తేడా

ఈ బీమాకు అన్నింటికంటే పెద్ద లోపం పొలంలో జరిగినదీ, కేంద్రంలో నమోదైనదీ ఒకటి కాకపోవడం. బీమా పరిభాషలో దీనిని బేసిస్ రిస్క్ అంటారు. పై ఉదాహరణలోనే, కేంద్రం ఉన్న చోట ఒక సాయంత్రం ఉరుములతో వాన కురిసి మొత్తం 125 మి.మీ. అయిందనుకుందాం. పది కి.మీ. అవతల పొలంలో పడినది 60 మి.మీ. మాత్రమే. పొలం లెక్కన రైతుకు 12,000 రూపాయలు రావాలి. ఒప్పందం ప్రకారం వచ్చేది సున్న. ప్రీమియం కట్టి, పంట పోగొట్టుకొని, పరిహారమూ రాని ఈ రైతు బీమా లేని రైతుకంటే హీనస్థితిలో ఉంటాడు. ఎద్దు కొమ్ముకు ఒక పక్క తడిసి మరో పక్క తడవని వానలు కురిసే నేలలో ఇది అరుదైన సంగతి కాదు.

కేంద్రాన్ని పొలం గట్టునే నిలిపినా కొన్ని నష్టాలు దానికి కనిపించవు. నాగార్జునసాగర్ కుడి కాలువ కింద సేద్యానికి నీరు కృష్ణా నది ఎగువన మహారాష్ట్ర, కర్ణాటకలలో కురిసే వర్షంపై ఆధారపడుతుంది. స్థానికంగా వాన సరిపడా పడి, జలాశయం నిండని సంవత్సరంలో చివరి భూముల మిరప ఎండిపోతే కొలమానం దానిని గుర్తించదు. పురుగుల విషయమూ ఇంతే. 1980ల రెండవ భాగంలో గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తిని తెల్లదోమ నాశనం చేసింది. అప్పులలో కూరుకుపోయిన రైతులు ఆత్మహత్యలు చేసుకున్నారు. 2021-22లో కొత్తగా వచ్చిన నల్ల తామర పురుగు మిరపను తుడిచిపెట్టింది. కొత్త పురుగుకు పాత రికార్డు ఉండదు, కనుక దానిని సూచించే హద్దులు ముందుగా రాసిపెట్టడం సాధ్యం కాదు.

తేడాను తగ్గించడానికి ఉన్న మార్గం కేంద్రాలను దగ్గర దగ్గరగా నెలకొల్పడం. ఆంధ్ర ప్రదేశ్‌లో మండలాలలో స్వయంచాలక కేంద్రాలు ఏర్పాటు చేశారు. 2023లో కేంద్ర వ్యవసాయ శాఖ ప్రారంభించిన 'విండ్స్' కార్యక్రమం గ్రామ పంచాయతీకి ఒక వర్షమాపకాన్ని లక్ష్యంగా పెట్టుకున్నది. అయితే కేంద్రం పెట్టడంతో పని పూర్తి కాదు. చెట్టు నీడలోనో, ఆకులు పడి మూసుకుపోయిన స్థితిలోనో ఉన్న వర్షమాపకం తప్పుడు లెక్క చెబితే వేలమంది రైతుల పరిహారం తారుమారవుతుంది.

కౌలు రైతులు

పల్నాడులో మిరప సాగుదారులలో కౌలు రైతులు చాలామంది ఉన్నారు. బ్యాంకు రుణంతో, పట్టాదారు పాసు పుస్తకంతో ముడిపడిన బీమా వారికి అందడం కష్టం. దీనిని సరిచేయడానికి 2011లో రుణ అర్హత కార్డుల చట్టం, 2019లో పంట సాగుదారు హక్కుల చట్టం వచ్చాయి. రెండవ చట్టం ప్రకారం కార్డు పొందడానికి భూమి యజమాని సంతకం అవసరం. కార్డులు ఆశించినంతగా అందకపోవడానికి ఇది ముఖ్య కారణం.

అధ్యయనం

అప్పటి ఆంధ్ర ప్రదేశ్‌లో వర్షపాత బీమాపై జేవియర్ జినే, రాబర్ట్ టౌన్సెండ్, జేమ్స్ వికరీల అధ్యయనం 2008లో వెలువడింది. ఆశించిన దానికి భిన్నంగా, నష్టానికి ఎక్కువ భయపడే కుటుంబాలే బీమాను తక్కువగా కొన్నట్లు తేలింది. బీమా గురించి తెలియకపోవడం, నమ్మకం కుదరకపోవడం దీనికి కారణాలుగా వారు భావించారు.

ఈ రంగంలో ప్రవేశించదలచిన విద్యార్థికి వాతావరణ శాస్త్రం, సంఖ్యాశాస్త్రం, వ్యవసాయం, బీమా గణితం నాలుగూ కొంత కొంత తెలియాలి. తెలుగు ప్రాంతంలో ఇవి వేర్వేరు చోట్ల ఉన్నాయి. విశాఖపట్నంలోని ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో వాతావరణ శాస్త్రం, 1945లో స్థాపితమైన బాపట్ల వ్యవసాయ కళాశాలలో వ్యవసాయ శాస్త్రం, 2002లో హైదరాబాదులో ఏర్పడిన బీమా మరియు రిస్క్ నిర్వహణ సంస్థలో బీమా విద్య బోధిస్తారు. హైదరాబాదులోని కేంద్రీయ మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థ వ్యవసాయ వాతావరణంపై దేశవ్యాప్త పరిశోధనలను సమన్వయం చేస్తుంది.  విడి విషయాలను 2017లో ప్రారంభమైన 'స్వయం' ద్వారా ఉచితంగా చదువుకోవచ్చు. పరీక్ష రాసి ధ్రువపత్రం పొందడానికి మాత్రం రుసుము చెల్లించాలి.

అభ్యాసానికి కావలసిన సమాచారం కూడా దొరుకుతుంది. భారత వాతావరణ శాఖ 1901 నుండి రోజువారీ వర్షపాతాన్ని పావు డిగ్రీ గడులుగా విభజించి అందిస్తున్నది. ఒక్కొక్క గడి వెడల్పు సుమారు 27 కి.మీ. పిడుగురాళ్ల ఉన్న గడిని ఎంచుకొని, పైన చూపిన ఒప్పందాన్ని ఏటేటా దానికి వర్తింపజేస్తే సగటు పరిహారం తేలుతుంది. ఆ తరువాత మండల కేంద్రపు కొలతలతో అదే లెక్కను తిరిగి చేయాలి. గడి సగటులో కుండపోత వానలు పలుచబడతాయి, వాన లేని రోజులు తగ్గి కనిపిస్తాయి. కనుక రెండు లెక్కలూ సరిపోవు.