మెట్ల పక్కన జానెడు వాలు

మీ ఇంట్లో ఆడపిల్ల సైకిలు మీద బడికి వెళుతుందా? మీ వీధి ఎత్తుపల్లాలుగా ఉంటుందా? అయితే పొయ్యి మీద పప్పు ఉడికేలోగా ఈ నాలుగు ముక్కలూ చదవండి.

మాది అమరావతి. రాజధాని అమరావతి కాదండీ, అమరేశ్వరస్వామి గుడీ, బౌద్ధస్తూపం ఉన్న పాత అమరావతి. 2022లో కొత్త జిల్లాలు వచ్చినప్పుడు పల్నాడు జిల్లాలో చేరాం. గుడి దగ్గర ఎత్తు తప్పిస్తే మా వీధుల్లో సైకిలు తొక్కడం ఏమంత కష్టం కాదు. ఇంటర్ చదివే రోజుల్లో నేనూ సైకిలు మీదే తిరిగాను. అందుకని సైకిలు తొక్కడానికి కూడా భయపడాలా అనుకునేదాన్ని. మా ఆడపడుచు ఇంటికి వెళ్ళొచ్చాక ఆ మాట అనడం మానేశాను.

వాళ్ళుండేది విజయవాడలో ఒక కొండ మీద. మొగల్రాజపురం, గుణదల, విద్యాధరపురం, చిట్టినగర్ వైపు వెళ్ళిన వాళ్ళకి తెలుసు, కొండవాలు మీద ఇల్లుకి ఇల్లు ఆనించి కట్టుకుని ఎన్ని వేలమంది బతుకుతున్నారో. కింద స్థలం కొనే స్తోమత లేక పైకెక్కిన కుటుంబాలే ఎక్కువ. వానాకాలం వస్తే కొండరాళ్ళ భయం. 2024 ఆగస్టు 31న మొగల్రాజపురంలో రాళ్ళు ఇళ్ళ మీద పడి నిండు ప్రాణాలు పోయిన సంగతి మనందరం టీవీల్లో చూశాం. అలాంటివి జరిగినప్పుడు అందరూ వస్తారు. రోజూ ఎక్కి దిగే దారి గురించి మాత్రం ఎవరూ అడగరు.

ఆ రోజు ఏం జరిగిందంటే

మా ఆడపడుచు ఇంటికి ముందు కొంత సిమెంటు రోడ్డు, తర్వాత ఎనభై మెట్లు. మంచినీళ్ళ క్యానైనా, గ్యాసుబండైనా భుజం మీదే ఎక్కాలి. ఆవిడ కూతురు తొమ్మిదో తరగతి. పాత సైకిలు ఒకటి కొనిచ్చారు. రాత్రిళ్ళు కింద కిరాణా కొట్టు ముందు గొలుసు వేసి పెట్టేది. ఒకసారి సీటు పోయింది, ఇంకోసారి చక్రంలో గాలి తీసేశారు. దాంతో పిల్ల రోజూ ఆ సైకిలుని మెట్ల మీదుగా మోసుకుని ఇంటికి తెచ్చుకునేది. పద్నాలుగేళ్ళ పిల్ల, వీపున పుస్తకాల సంచీ, చేతుల్లో సైకిలు! తలుచుకుంటేనే నాకు నడుం నొప్పి వస్తుంది.

ఒక వాన రోజు పొద్దున్న సిమెంటు వాలు మీద దిగుతుంటే బ్రేకు పట్టలేదు. మలుపులో ఎదురుగా ఆటో. పిల్ల పక్కకి తిప్పేసి కాలవలో పడింది. గడ్డానికి నాలుగు కుట్లు. దేవుడి దయవల్ల అంతటితో పోయింది.

నేను చూడ్డానికి వెళితే, వాళ్ళ నాన్నగారు ఒకటే మాట. "ఇక సైకిలొద్దు. పదితో చదువు కూడా చాలు." రోజూ ఆటోకి పెట్టలేరు. మరి ఆడవాళ్ళకి ఫ్రీ బస్సు ఉందిగా అంటారా? 2025 ఆగస్టు 15 నుంచి ఉంది, నేనూ అందులోనే వెళ్ళాను. కానీ బస్సు పెద్దరోడ్డు మీద ఆగుతుంది, కొండెక్కదు. పిల్ల గోడవైపు తిరిగి పడుకుని, "అత్తా, నువ్వైనా నాన్నకి చెప్పు" అంది.

చూశారా, బ్రేకు రబ్బరు అరిగిపోవడానికీ, ఒక ఆడపిల్ల చదువు ఆగిపోవడానికీ మధ్య ఎంత చిన్న దూరమో!

కొంగు బిగించారు

ఆ సాయంత్రం మెట్ల మీద నలుగురు ఆడవాళ్ళం కూర్చుని లెక్కేశాం. ఏమేం ఉంటే ఈ పిల్ల పడేది కాదు? మలుపులో దీపం లేదు. కాలవ మీద పలక లేదు. మలుపు ముందు స్పీడుబ్రేకరు లేదు. మెట్లకి పట్టుకోడానికి కడ్డీ లేదు. సైకిలు నిలిపే చోటు లేదు.

సైకిలు నడిపించుకు వెళ్ళడానికి వాలుబాట కట్టమంటే కుదరదు. చక్రాల కుర్చీ వెళ్ళే వాలుకి ఒక అడుగు ఎత్తుకి పన్నెండడుగుల పొడవు కావాలి. కొండ మీద అంత జాగా ఎక్కడిది? అప్పుడు పక్కింటి తాపీమేస్త్రి ఒక ఉపాయం చెప్పాడు. మెట్ల అంచున జానెడు వెడల్పున సిమెంటుతో వాలుగా పోసి, మధ్యలో నాలుగంగుళాల గాడి తీస్తే చాలట. చక్రాలు గాడిలో పెట్టి, మనం మెట్లెక్కుతూ సైకిలుని నెట్టుకుపోవచ్చు. మోయక్కర్లేదు. కొన్ని దేశాల్లో రైల్వేస్టేషన్ మెట్ల పక్కన ఇలాంటివి ఉంటాయి.

వార్డు సచివాలయంలో అర్జీ ఇచ్చారు. ఒక్కరు ఇస్తే "చూద్దాం" అంటారని ఇరవై రెండు ఇళ్ళ ఆడవాళ్ళ సంతకాలతో ఇచ్చారు. పడిన చోటు ఫొటో, మెట్ల కొలతలు జతచేశారు. రెండుసార్లు తిరిగాక దీపం వచ్చింది, కాలవ మీద పలకలు వచ్చాయి. స్పీడుబ్రేకరు ఇంకా రాలేదు. గాడి మీరే వేసుకోండి, అడ్డు చెప్పం అన్నారు. ఇంటికింత వేసుకుని సిమెంటు తెచ్చారు. మేస్త్రి కూలి తీసుకోలేదు.

మొదటి ప్రయత్నం చెడింది లెండి. గాడి గోడకి మరీ దగ్గరగా పోశారు. సైకిలు హ్యాండిలు గోడకి గీసుకుపోయింది. మళ్ళీ పగలగొట్టి, గోడకి మూరెడు దూరంలో పోశారు. తడిగా ఉన్నప్పుడే చీపురుతో అడ్డంగా గీతలు గీశారు, వానకి జారకుండా. మీరెవరైనా చేయిస్తే ఈ రెండూ మర్చిపోకండి.

మనలాంటి అమ్మలే

ఇలా అడగడం మనతోనే మొదలు కాదు. సైకిళ్ళ దేశం అని చెప్పుకునే నెదర్లాండ్స్‌లో 1971లో రోడ్డు ప్రమాదాల్లో మూడువేల మందికి పైగా చనిపోయారు. అందులో నాలుగువందల మందికి పైగా చిన్నపిల్లలు. తల్లులూ తండ్రులూ "పిల్లల్ని చంపడం ఆపండి" అంటూ వీధుల్లోకి వచ్చారు. అక్కడి సైకిలు దారుల వెనక ఆ పోరాటం ఉంది. నార్వేలో ట్రోండ్‌హైమ్ అనే ఊళ్ళో అయితే 1993లో సైకిలు వాళ్ళని కొండెక్కించడానికి ఏకంగా లిఫ్టే పెట్టారు. ఒక కాలు పలక మీద పెడితే అదే పైకి నెడుతుందట!

అంత దూరం ఎందుకు? పక్కనే తమిళనాడు పుదుక్కోట్టైలో 1990ల మొదట్లో అక్షరాస్యత ఉద్యమంతో పాటు పల్లెటూరి ఆడవాళ్ళు వేలకి వేలమంది సైకిలు నేర్చుకున్నారు. అప్పటి కలెక్టరు షీలారాణి చుంకత్ వాళ్ళకి అండగా నిలిచారు.

మా ఊరి పేరు పెట్టుకున్న రాజధానిలో రోడ్ల పక్కన సైకిలు దారులు ప్లానులో గీశారు. సంతోషమే. కానీ ఈ కొండపేటల పిల్లలు ఇవాళే సైకిలు తొక్కుతున్నారు. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది పోతే, అందులో దాదాపు అయిదో వంతు నడిచివెళ్ళే వాళ్ళే. దీపం, కడ్డీ, పలక అడగడం గొంతెమ్మ కోరిక కాదు.

మీ పిల్ల సైకిలుకి ఇవి చూడండి

* వారానికోసారి బ్రేకు రబ్బర్లు చూడండి. అరిగి గాళ్ళు పోతే వెంటనే మార్పించండి. వాన తడికి బ్రేకు ఆలస్యంగా పడుతుంది.

* వాలు మొదలవక ముందే వేగం తగ్గించమనండి. వేగం రెండింతలైతే, బ్రేకు పట్టాక ఆగే దూరం దాదాపు నాలుగింతలవుతుంది.

* రెండు బ్రేకులూ కలిపి, కొంచెం కొంచెంగా నొక్కాలి. ముందు బ్రేకు ఒక్కటే గట్టిగా నొక్కితే ముందుకి బోల్తా పడతారు.

* ఎక్కేటప్పుడు ఆయాసం వస్తుంటే వెనక ఫ్రీవీలు పద్దెనిమిది పళ్ళది తీసి, ఇరవై లేదా ఇరవై రెండు పళ్ళది వేయించండి. వేగం తగ్గుతుంది గానీ తొక్కడం తేలిక.

* చున్నీ వెనక్కి ముడేసి కట్టుకోవాలి. గొలుసుకి కవరు ఉండాలి. సంచీ హ్యాండిలుకి తగిలించవద్దు.

* వెనక ఎర్ర రిఫ్లెక్టరు, ముందు లైటు తప్పనిసరి.

ఇంతకీ మా పిల్ల సంగతి చెప్పలేదు కదూ! వాళ్ళ నాన్నగారు స్వయంగా కొత్త బ్రేకులు వేయించారు. నెల తర్వాత నేను వెళ్ళేసరికి, గాడిలో సైకిలు నెట్టుకుంటూ నాకంటే ముందు పైకి చేరింది. గడ్డం మీద మచ్చ మాత్రం ఉంది. నేను ఆయాసపడుతూ ముప్ఫయ్యో మెట్టు మీద కూర్చుంటే, పైనించి కేకేసింది. "అత్తా, నీకూ ఒక గాడి వేయించమంటావా?"

ఈ ఆదివారం మీరూ టేపు పట్టుకుని మీ వీధి మెట్లు కొలవండి. సంతకాలకి పక్కింటి తలుపు తట్టండి.